తాళి కట్టే చోటికి ఒక్క నొక్కు: ఇంటి వీడియోల డీవీడీలు, నాలుగేళ్ల వాడకం తర్వాత

డీవీడీలు తయారు చేసే డీవీడీస్టైలర్ ప్రోగ్రాంలో నాకు నచ్చింది మెనూలు కాదు, చాప్టర్లు. మూడు గంటల పెళ్లి క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఒకే పెద్ద ఫైలుగా ఇస్తే ఇంట్లో పెద్దవాళ్లు ఒకసారి చూసి పక్కన పెట్టేస్తారు. అదే వీడియోని ఘట్టాలుగా విడగొట్టి డిస్క్ చేసిస్తే రిమోట్‌లో నెక్స్ట్ నొక్కుకుంటూ సాయంత్రమంతా కూర్చుంటారు. "తాళి కట్టేది యాడుంది అబ్బాయా?" అని అడగాల్సిన పని లేదు. వేలు పెట్టిన చోట తాళి కడుతుంటారు. ఈ ఒక్క సుఖం కోసం మిగతా చాకిరీ అంతా చేయొచ్చు.

ప్రోగ్రాం ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, వీడియో లాగి పడేస్తే టైటిల్, అంటే డిస్క్ మీద ఒక వీడియో, అవుతుంది. ఇవన్నీ అందరికీ తెలిసినవే.

ఐదు నిమిషాలకొక చాప్టర్ దానంతటదే పెట్టే సౌకర్యాన్ని మొదట్లో బాగా మెచ్చుకున్నాను. ఇప్పుడు అంత మెచ్చుకోను. భోజనాల బంతి మీద మూడు చాప్టర్లు పడతాయి. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు మూడూ కలిసి ఒకే చాప్టర్‌లో ఇరుక్కుంటాయి. గడియారానికి పెళ్లి తంతు తెలియదు కదా. వీఎల్‌సీలో వీడియో నడిపిస్తూ కాగితం మీద టైములు రాసుకోవాలి. టైటిల్ ప్రాపర్టీస్‌లో చాప్టర్ల గడిలో వాటిని కామాలతో వరసగా కొట్టాలి. మూడు గంటల పెళ్లికి పన్నెండు పదిహేను ఘట్టాలు చాలు. డీవీడీ ఒక టైటిల్‌లో 99 దాకా ఒప్పుకుంటుంది గానీ అన్ని పెడితే నెక్స్ట్ నొక్కీ నొక్కీ వేలు నొప్పి పుడుతుంది. స్వర్ణాల చెరువు దగ్గర తీసిన రొట్టెల పండుగ వీడియోకి నాలుగే పెట్టాం: గట్టు మీద జనం, రొట్టెలు మార్చుకోవడం, దర్గా, తిరుగు ప్రయాణం. సరిపోయింది.

పెద్ద దెబ్బ తగిలిందీ ఈ చాప్టర్లతోనే. బంధువులకు పంచడానికి పదిహేను డిస్కులు రైట్ చేశాక బయటపడింది. మాంగల్యధారణ నొక్కితే మొదట అర సెకను పాటు పురోహితుడి వీపు కనపడి, ఆ తర్వాతే తాళి షాట్ వస్తుంది. తలంబ్రాలు నొక్కితే ముందు ఎవరిదో చెయ్యి మెరిసి మాయమవుతుంది. రాసుకున్న టైములు సరైనవే, ప్రోగ్రాంలోనూ తప్పు లేదు. డీవీడీ పని చేసే తీరే అంత. ఎంపెగ్-2 అనే డీవీడీ వీడియో పద్ధతిలో ఫ్రేములు (విడి బొమ్మలు) గుంపులుగా ఉంటాయి. మన దేశపు టీవీల పాల్ పద్ధతిలో గుంపుకి మామూలుగా 15 ఫ్రేములు, అంటే 0.6 సెకను. చాప్టర్ అనేది గుంపు మొదట్లోనే మొదలవగలదు, మధ్యలో మొదలవలేదు. మనం ఇచ్చిన టైము గుంపు నడిమధ్య పడితే ప్లేయర్ ఆ గుంపు మొదటికి వెనక్కి పోతుంది. వెనక ఉన్నది పాత షాట్ కాబట్టి దాని తోక కనపడుతుంది.

మందు ఏమిటంటే, ఎన్‌కోడింగ్, అంటే వీడియోని ఎంపెగ్-2లోకి మార్చే పని, డీవీడీస్టైలర్ బయటే చేసుకోవడం. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో మార్చే ప్రోగ్రాంలో ఫోర్స్ కీ ఫ్రేమ్స్ అనే ఆప్షన్‌కి ఘట్టాల టైములన్నీ ఇస్తే సరిగ్గా ఆ ఫ్రేము దగ్గరే కొత్త గుంపు మొదలవుతుంది. దాంతోపాటు క్లోజ్డ్ జీఓపీ, అంటే ఏ గుంపూ పక్క గుంపు మీద ఆధారపడకుండా ఉండే ఏర్పాటు, కూడా పెట్టాలి. లేకపోతే కొన్ని పాత ప్లేయర్లలో ఆ చాప్టర్‌కి దూకగానే బొమ్మ ఒక క్షణం గళ్లు గళ్లుగా చెదురుతుంది. తర్వాత డీవీడీస్టైలర్‌లో ఆ వీడియోకి కాపీ అని ఎంచుకోవాలి. మళ్లీ ఎన్‌కోడ్ చేయనిస్తే పడ్డ శ్రమంతా పోతుంది. చాప్టర్ టైము మాత్రం షాట్ మారిన చోటికి 0.1 సెకను తర్వాత ఇస్తాను. అప్పుడు వెనక్కి పోయినా సరిగ్గా కొత్త షాట్ మొదటికే వస్తుంది.

అసలు షాట్ మారిన చోట కన్నా గట్టిమేళం మొదలయ్యే చోట గుర్తు పెట్టడం ఇంకా మేలు. బొమ్మ సరిగ్గా మొదలైనా "మాంగల్యం తంతునానేన" సగంలో తెగి వినపడితే చెవికి బాధ. గుర్తుని పది సెకన్లు ముందే పెడితే మేళం ఊపందుకోవడం నుంచే వస్తుంది.

ఇక ఫీల్డ్ ఆర్డర్. పాత వీడియోలో ఒక్కో ఫ్రేము గీత విడిచి గీతగా రెండు సగాలుగా (ఫీల్డ్‌లుగా) ఉంటుంది, ఏ సగం ముందు వస్తుందన్నదే ఈ ఆర్డర్. మినీ డీవీ కెమెరా నుంచి వచ్చిన ఫైలు కింది ఫీల్డ్‌తో మొదలవుతుంది. వీహెచ్ఎస్‌ని కాప్చర్ కార్డుతో ఎక్కించినది ఎక్కువగా పై ఫీల్డ్‌తో మొదలవుతుంది. ఇది తారుమారైతే కంప్యూటర్‌లో బాగానే కనపడొచ్చు, పాత డబ్బా టీవీలో పెడితే విసిరిన తలంబ్రాల బియ్యం ముందుకో అడుగు వెనక్కో అడుగు వేస్తున్నట్టు వణుకుతుంది. ఒక రీరైటబుల్ డిస్క్ మీద రెండు నిమిషాల ముక్క రాసి టీవీలో చూశాకే మిగతాది చేయాలి. నిలకడగా ఉన్న మొహాల మీద ఈ తేడా తెలియదు, చేతులు వేగంగా కదిలే చోటే ముక్క కత్తిరించాలి.

ఒక డిస్క్‌లో రెండు గంటలు హాయిగా పడతాయని ఇదివరకు చాలామందికి చెప్పాను. పడతాయి, కానీ హాయిగా కాదు. డిస్క్ 4.7 జీబీ అయినా 4.3 దాటనివ్వను, బయటి అంచు దగ్గరే చదవడంలో తప్పులొస్తాయి. ఆ లెక్కన 90 నిమిషాలకు వీడియోకి 6 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు), రెండు గంటలకు 4.5 దొరుకుతాయి. పాత క్యాసెట్ మీద గుడ్డి వెలుతురులో తీసినప్పుడు పడే చుక్కలు, సీరియల్ లైట్ల మెరుపులు ఉంటే 4.5 చాలదు, గళ్లు కనపడతాయి. మూడు గంటలూ ఒకే డిస్క్‌లో కావాలంటే బొమ్మని అడ్డంగా సగానికి, 352×576 సైజుకి దించాలి. వీహెచ్ఎస్‌లో అడ్డంగా ఉండే వివరమే తక్కువ కాబట్టి పోయేది పెద్దగా ఉండదు. వీలైతే రెండు డిస్కులు చేయడమే నయం, స్నాతకం నుంచి తాళి దాకా ఒకటి, తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా ఇంకొకటి.

మెనూల సంగతి క్లుప్తంగా. కదిలే మెనూలు, వెనక నాదస్వరం మొదట్లో ముచ్చటేసింది. ఇప్పుడు నిలిచి ఉన్న ఫోటోనే పెడుతున్నాను, ప్రతిసారీ సన్నాయి మొదటి నుంచి మొదలవుతుంటే పక్క గదిలో వాళ్లు విసుక్కుంటారు. తెలుగు పేర్లను బొమ్మగానే తయారు చేసి వెనక పరుస్తాను. సన్నటి ఫాంటు వద్దు. ఒత్తుల సన్న గీతలు టీవీలో అదురుతాయి. రామభద్ర లాంటి బొద్దు ఫాంటు 36 పిక్సెళ్లకు తగ్గకుండా బాగుంటుంది. చుట్టూ పదో వంతు ఖాళీ వదలాలి, డబ్బా టీవీలు అంచులు మింగేస్తాయి. ఎంచుకున్న బటన్‌ని చూపడానికి నాలుగు రంగులే దొరుకుతాయి, అందులో ఒకటి పారదర్శకానికి పోతుంది. అందుకే అక్షరాల రంగు మార్చకుండా పేరు పక్కన ఎర్రటి గుండ్రటి బొట్టు పెడతాను. దూరం నుంచి కూడా తెలుస్తుంది.

రైట్ చేసేముందు ఐఎస్ఓ (డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా) చేసి ప్లేయర్ ప్రోగ్రాంలో ప్రతి బటన్ నొక్కి చూడాలి. రైట్ చేసే వేగం 4ఎక్స్. వానాకాలంలో కరెంటు నమ్మలేం కాబట్టి యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు. డిస్క్ మీద కాగితం స్టిక్కర్ అతికిస్తే తిరిగేటప్పుడు ఊగుతుంది, దాని బదులు సీడీ మార్కర్‌తో రాయండి. డిజిటైజ్ చేసిన అసలు ఫైళ్లు హార్డ్ డిస్క్‌లో ఉంచుకోవాల్సిందే, డీవీడీ చూడ్డానికే గానీ దాచడానికి కాదు.

మా ఇంట్లో, నెల్లూరులోని చుట్టాల ఇళ్లలో టీవీ కింద ప్లేయర్లు ఇంకా పనిచేస్తున్నాయి కాబట్టి నాకు ఇది గిట్టుబాటు. ప్లేయర్ లేని ఇళ్లకు అవే టైములతో చాప్టర్లు పెట్టిన ఎంకేవీ ఫైలుని పెన్‌డ్రైవ్‌లో ఇస్తున్నాను. ఒంగోలులో ఒక ఇంటి టీవీ చాప్టర్లను చక్కగా చూపించింది, ఇంకో ఇంట్లో అసలు పట్టించుకోలేదు. అలాంటి టీవీ ఉన్నవాళ్లకు ఘట్టానికో ఫైలుగా ముక్కలు చేసి, పేర్ల ముందు 01, 02 అని అంకెలు పెట్టి ఇస్తున్నాను.