బల్బు పంపు సైఫన్: లాగుడు తగ్గితే ముందు చూడాల్సింది బల్బు కాదు

ఒక చివర వెడల్పాటి పారదర్శక గొట్టం, మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు, ఆ తర్వాత మెత్తటి పైపు. అక్వేరియం అడుగున పేరుకున్న మడ్డి తీయడానికి ఇది మంచి పరికరమే. కొన్నాళ్లకి సరిగా లాగడం లేదని మూలన పడేసేవాళ్లు ఎక్కువ. అలా పడేసినవాటిలో చాలావరకు పది నిమిషాల్లో బాగయ్యేవే.

బల్బు నీటిని కదిలించి వదిలేస్తుంది, అంతే. ఆ తర్వాత లాగేది తొట్టిలో నీటి మట్టానికీ బకెట్‌లోని పైపు చివరకీ మధ్య ఉన్న ఎత్తు తేడా. 60 సెం.మీ. ఉన్న తేడా, బకెట్‌ని స్టూలు మీద పెట్టడం వల్ల 30 సెం.మీ. అయిందనుకోండి, ప్రవాహం దాదాపు 30 శాతం తగ్గుతుంది. బల్బుని ఎంత నొక్కినా ఆ లోటు తీరదు. బకెట్ నేల మీదే ఉండాలి, పైపు చివర దాని అడుగు దాకా దిగాలి. నీళ్లు పైకొచ్చి చివర మునిగాక ఎత్తుని ఆ నీటి మట్టం నుంచి లెక్కేయాలి కాబట్టి, బకెట్ నిండేకొద్దీ జోరు కాస్త తగ్గడం మామూలే.

ఎత్తు సరిగా ఉండీ లాగుడు లేదంటే గాలిని అనుమానించండి. తొట్టి నీటి మట్టానికి పైన ఉన్న పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ. అందుకే అక్కడ అతుకు వదులైతే నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి దూరుతుంది. చుక్క కూడా కారదు కాబట్టి ఈ లోపం చాలామందికి దొరకదు. పైపులో బుడగలు వరసగా పోతుంటే అతుకు చుట్టూ బాగా తడిపిన గుడ్డ బిగించి చూడండి. బుడగలు ఆగితే దొంగ దొరికినట్టే. గట్టిపడిన పైపు కొసని 2 సెం.మీ. కోసేసి, కొత్త కొసని వేడినీళ్లలో ఒక నిమిషం ఉంచి, అతుకు మీదికి చివరిదాకా తోసి క్లిప్పు వేయండి. బల్బుకే చీలిక ఉందేమో తెలియాలంటే ఒక చివర వేలితో మూసి, రెండో చివర కూడా మూసి, నీళ్లలో ముంచి నొక్కండి. బుడగ వచ్చిందంటే బల్బు మార్చాల్సిందే.

నొక్కినప్పుడు ముందుకెళ్లిన నీళ్లు వదలగానే వెనక్కొస్తున్నాయా? లోపలి వాల్వ్ (నీళ్లని ఒకవైపే పోనిచ్చే మూత) మూసుకోవడం లేదు. సాధారణంగా ఒక చిన్న గులకరాయో నత్తగుల్ల ముక్కో ఇరుక్కుని ఉంటుంది. విప్పి కడగండి, సబ్బు వద్దు. తిరిగి పెట్టేటప్పుడు వాల్వ్ నీళ్లు పారే దిశలోనే తెరుచుకోవాలి. తిరగేస్తే అసలు పారవు. గొట్టం మొదట్లో ఉండే జల్లెడకి ఆకులు పట్టాయేమో కూడా అప్పుడే చూసేయండి.

ఇక తయారీలోనే ఉండే లోపం ఒకటి. 5 సెం.మీ. వెడల్పు గొట్టానికి 12 మి.మీ. లోపలి కొలత పైపు ఉంటేనే గొట్టంలో నీటి వేగం పైపులో వేగానికి సుమారు 17వ వంతు. గులకరాళ్లు కొంచెం లేచి పడిపోతూ మడ్డి మాత్రం పోవడానికి అది చాలు. అదే గొట్టానికి 8 మి.మీ. పైపు తగిలిస్తే పారే నీళ్లు దాదాపు మూడోవంతుకి దిగిపోతాయి. మడ్డి సగం దూరం లేచి మళ్లీ కిందికే జారుతుంది. ఇలాంటిదాన్ని ఏ మరమ్మతూ బాగుచేయదు, ఆ వెడల్పు గొట్టం తీసేసి అంతకంటే సన్నది పెట్టుకోవడమే దారి.

కొనేటప్పుడు బల్బు సైజు చూసి మోసపోవద్దు. పైపు లోపలి కొలత, దాని గోడ మందం, జల్లెడా వాల్వూ ఊడదీయడానికి వీలుందా అన్నవి చూడండి. పలచటి గోడ పైపు తొట్టి అంచు దగ్గర మడతపడి సగం దారి మూసేస్తుంది. 12 మి.మీ. లోపలి కొలత, ఒకటిన్నర మీటర్ల పొడవు, 60 సెం.మీ. ఎత్తు తేడా ఉంటే 10 లీటర్ల బకెట్ రెండు నిమిషాల్లోపే నిండాలి. కొత్తగా ఉన్నప్పుడే ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకుంటే, తర్వాత ఎంత తగ్గిందో ఊహించక్కర్లేదు. సైఫన్ పెట్టే ముందు హీటర్ స్విచ్ ఆపేయండి. నీటి మట్టం దిగి బయటపడిన వేడి గాజు పగలొచ్చు.