డబ్బా మీద 24 గంటలు, కోనసీమలో లెక్క వేరు

మూడేళ్లుగా ఒకే రకం ఎపాక్సీ రెజిన్ (అచ్చులో పోస్తే గాజులా గట్టిపడే చిక్కటి ద్రవం) వాడుతున్నాను. రెండు పాళ్ల రెజిన్‌కి ఒక పాలు హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే ద్రవం) కలిపేది. మాది రావులపాలెం దగ్గర పల్లె. కడియపులంక నుంచి పూలు తెచ్చి, బాగా ఎండబెట్టి కోస్టర్లు (గ్లాసుల కింద పెట్టే బిళ్లలు), కీచైన్లు, పెళ్లిదండల ఫ్రేములు చేస్తుంటాను.

డబ్బా మీద ఇలా ఉంటుంది: కలిపాక పోయడానికి 40 నిమిషాలు, మౌల్డ్ (అచ్చు) నుంచి తీయడానికి 24 గంటలు, పూర్తిగా గట్టిపడటానికి 72 గంటలు. అబద్ధమేం కాదు, కానీ అది 25 డిగ్రీల గదికి రాసిన లెక్క. మా పెంకుటింట్లో అది శివరాత్రికి అటూ ఇటూ మాత్రమే కుదురుతుంది.

మొదటి మే నెలలో 300 గ్రాములు ఒకేసారి కలిపేశాను. ఈలోగా ఎవరో పిలిస్తే వెళ్లి, పావుగంటకి వచ్చి చూస్తే గ్లాసు చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది. సన్నగా పొగ. ప్లాస్టిక్ గ్లాసు ఓ పక్కకి వాలిపోయింది, లోపల సరుకు రాయి. కలిపాక రెజిన్ తన వేడి తనే పుట్టించుకుంటుంది. గ్లాసులో ముద్దగా ఉంటే ఆ వేడి బయటికి పోదు, దాంతో ఇంకా తొందరగా గట్టిపడుతుంది. ఇప్పుడు ఎండాకాలంలో తెల్లవారుజామునే, వంద గ్రాములకి మించకుండా కలుపుతున్నాను.

వానాకాలం తిప్పలు వేరు. ముసురు పట్టిన రోజున పోసిన ట్రే మర్నాడు గట్టిగానే ఉంది గానీ, పైన నెయ్యి రాసినట్టు తెల్లటి జిడ్డు. గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ హార్డెనర్‌తో కలిస్తే వచ్చే పొర అది. గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగితే పోయింది. వేలికి బంకలా అంటుకుంటే మాత్రం అది జిడ్డు కాదు, చాలావరకు కొలత తప్పినట్టు. కొలత తప్పితే ఎన్నాళ్లుంచినా ఆరదు. తొందరగా ఆరుతుందని హార్డెనర్ రెండు చుక్కలు ఎక్కువేసి నేనూ ఓ ట్రే పాడుచేసుకున్నాను. మీ డబ్బా కొలత బరువుకా, పరిమాణానికా అన్నది కూడా చూసుకోండి, రెండూ ఒకటి కాదు.

చలికాలంలో సీసాని కాసేపు గోరువెచ్చటి నీళ్లలో నిలబెడితే రెజిన్ పల్చబడుతుంది, బుడగలు తగ్గుతాయి. మౌల్డ్ మాత్రం ఒకటిన్నర రోజు ముట్టుకోను. ఒకసారి అత్తయ్యగారు "ఆరిందేంటమ్మాయ్" అంటూ నొక్కిన వేలిముద్ర ఓ కోస్టర్ మీద ఇప్పటికీ ఉంది. అది అమ్మలేదు, మేమే వాడుకుంటున్నాం.

కొబ్బరి చిప్పల్లో పోసేవాళ్లు చిప్ప ఎండిందో లేదో చూసుకోండి. పచ్చి ఉంటే ఒకటే బుడగలు.

రెండో రోజే డెలివరీ ఇచ్చిన కోస్టర్ల మీద వేడి టీ గ్లాసు గుండ్రటి మచ్చ పడి ఒకసారి వెనక్కొచ్చాయి. అప్పటినుంచి వారం దాటందే ఏదీ ఇవ్వను. ఇక కిటికీ దగ్గర పెట్టిన మొదటి ఏడాది ముక్కలు పసుపెక్కాయి, అందుకు మాత్రం ఈ రెజిన్‌కి ఒక మార్కు తగ్గిస్తాను.

ప్రస్తుతం బీరువా మీద ఓ పెళ్లిదండ ఫ్రేము ఉంది. పోసి నాలుగు రోజులైంది. పెళ్లికూతురి అమ్మగారు రోజూ ఫోన్ చేస్తున్నారు.