‘రైఫిల్ సైట్లు’ అంటే లోపల గాడులు ఉన్నట్టు కాదు: జింక వేటకు స్లగ్ బ్యారెల్ కొనేవారికి హెచ్చరిక

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో తుపాకులతో జింకలను వేటాడే గన్ సీజన్ థ్యాంక్స్‌గివింగ్ పండుగ తరువాతి సోమవారం మొదలవుతుంది. ఇక్కడి మనవాళ్లలో వేటకు వెళ్లేవారు షాట్‌గన్‌కు కొత్త బ్యారెల్ (గొట్టం), స్లగ్ తూటాలు (చిన్న గుండ్లకు బదులు ఒకే పెద్ద గుండు ఉండేవి) కొనేది సాధారణంగా దానికి ముందు రెండు మూడు వారాల్లోనే. నిరుడు నేనూ అలాగే తొందరపడి కొన్నాను. డబ్బు పోయింది, అది పెద్ద విషయం కాదు. ఒక ఆడ జింక గాయంతో పొదల్లోకి వెళ్లి మళ్లీ కనిపించలేదు. మీలో ఎవరికీ అలాంటి రోజు రాకూడదని వివరంగా రాస్తున్నాను.

నా దగ్గర ఉన్నది 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) పంప్ షాట్‌గన్. దాని 28 అంగుళాల గొట్టం పక్షుల వేటకు. జింకల కోసం ఒక పొట్టి గొట్టం కావాలని ఆన్‌లైన్‌లో వెతికితే ‘డీర్ బ్యారెల్, రైఫిల్ సైట్లతో, 20 అంగుళాలు’ అన్న ప్రకటన కనిపించింది. సాబో తూటాలు (ప్లాస్టిక్ తొడుగులో పెట్టిన స్లగ్గులు) వాడవచ్చా అని కొనేముందే అమ్మకందారును అడిగాను. ‘అన్ని రకాల స్లగ్గులకూ పనిచేస్తుంది’ అని జవాబు వచ్చింది. అమెరికా ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకి అంటే రిసీవర్ (గొట్టం బిగించే, పేల్చే యంత్రాంగం ఉండే మధ్య భాగం) మాత్రమే. గొట్టం విడిభాగం కిందికి వస్తుంది కాబట్టి నేరుగా ఇంటికే పార్సిల్‌లో వచ్చేసింది. మధ్యలో తెలిసిన దుకాణదారు ఎవరూ దాన్ని చూడలేదు. తరువాత ఊళ్లో దుకాణానికి వెళ్లి, రైఫిల్ బ్యారెల్‌కు మంచి స్లగ్గులు కావాలన్నాను. అక్కడి అబ్బాయి సాబో పెట్టె చేతిలో పెట్టాడు. ఐదు తూటాలు, ఇరవై డాలర్లు.

ఇక్కడే అసలు మోసం ఉంది. రైఫిల్ సైట్లు అంటే గొట్టం పైన ఉండే గురి పలకలు, ముందొకటి, వెనకొకటి. రైఫిల్డ్ బ్యారెల్ అంటే గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉన్నది. రెండింటికీ సంబంధం లేదు. నాకు వచ్చిన గొట్టం పైన చక్కని సైట్లు ఉన్నాయి, లోపల మాత్రం అద్దంలా నున్నగా ఉంది.

తూటాల పేర్లు ఇంకా తికమక పెడతాయి. పెట్టె మీద ‘రైఫిల్డ్ స్లగ్’ అని ఉంటే అది నున్నని గొట్టం కోసం చేసినది. 1931లో కార్ల్ ఫోస్టర్ రూపొందించిన రకం అది. పైన కనిపించే గీతలు చోక్ (గొట్టం మూతి దగ్గరి ఇరుకు) లోంచి సీసం నలిగి బయటపడటానికి ఉపయోగపడతాయే తప్ప స్లగ్గును గట్టిగా తిప్పలేవు. వెనక బోలుగా, ముందు బరువుగా ఉండటం వల్ల అది షటిల్‌కాక్ లాగా ముక్కు ముందుకు పెట్టుకుని పోతుంది. జర్మనీలో 1898లో వచ్చిన బ్రెనెకె స్లగ్‌దీ ఇంచుమించు అదే సూత్రం, దాని వెనక వాడ్ (మందుకూ గుండుకూ మధ్య ఉండే మెత్తటి బిళ్ల) అంటుకుని ఉంటుంది. సాబో సంగతి వేరు. గొట్టం కన్నా సన్నని స్లగ్గుకు ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. గాడులు ఆ తొడుగును పట్టి తిప్పితే స్లగ్గు బొంగరంలా తిరుగుతూ నిలకడగా పోతుంది. తాడు చుట్టకుండా విసిరిన బొంగరం ఏమవుతుందో మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. నున్నని గొట్టంలోంచి వచ్చిన సాబో గాలిలో అలాగే పల్టీలు కొడుతుంది.

ఖరీదైన తూటాలు కదా అని రేంజ్‌లో (కాల్పులు సాధన చేసే మైదానంలో) రెండే కాల్చాను, అదీ పాతిక గజాల నుంచి. ఆరు అంగుళాల మేర చెదిరాయి. చలికి నా చెయ్యి వణికిందేమో అనుకున్నాను. సీజన్ రెండో రోజు సాయంత్రం, కోసేసిన మొక్కజొన్న చేను అంచున, అరవై గజాల దూరంలో ఆ జింక పక్కకు తిరిగి నిలబడింది. భుజం వెనక గురి పెట్టాను. దెబ్బ బాగా వెనక, పొట్టలో తగిలింది. చీకటి పడేదాకా, ఆ తరువాత టార్చితో, మర్నాడు పొద్దున మళ్లీ నెత్తుటి జాడ పట్టుకుని వెతికాను. వాగు దగ్గర జాడ ఆగిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తరువాతి వారం మిగిలిన తూటాలతో యాభై గజాల నుంచి అట్ట మీద కాల్చాను. ఒకటి అట్టకే తగల్లేదు. ఇంకొకటి గుండ్రంగా కాకుండా పొడుగ్గా, అడ్డంగా చిల్లు చేసింది. పక్క బల్ల దగ్గరున్న పెద్దాయన ఆ చిల్లు చూసి, ‘గొట్టం విప్పి ఇటు ఇవ్వు’ అన్నారు. వెలుతురుకు పట్టి చూసి, ఇందులో గాడులు లేవని ఒక్క మాటలో తేల్చేశారు. తన దగ్గరున్న ఒక ఔన్సు ఫోస్టర్ స్లగ్గులు ఇచ్చి కాల్చమన్నారు. అదే గొట్టం, అదే దూరం, మూడూ నాలుగు అంగుళాల్లో పడ్డాయి. అవి ఐదింటికి ఏడెనిమిది డాలర్లే.

అమ్మకందారుకు ఫొటోలు పంపితే, ఒకసారి పేల్చిన బ్యారెల్‌ను తాము వెనక్కి తీసుకోబోమన్నారు. ప్రకటన ఇప్పటికీ అలాగే ఉంది. అందుకే పార్సిల్ రాగానే ఒక్క తూటా కూడా పేల్చకముందే గొట్టాన్ని విడిగా వెలుతురుకు పట్టి చూడండి. గాడులుంటే మెలికలు స్పష్టంగా కనిపిస్తాయి. గొట్టం పక్కన చెక్కిన రాతలూ చదవండి: గేజ్, చాంబర్ (తూటా కూర్చునే చోటు) పొడవు, చోక్. చాంబర్ 2¾ అంగుళాలదైతే 3 అంగుళాల తూటా పెట్టకండి. కాల్చకముందు దాని మూతి మడిచి ఉంటుంది కాబట్టి లోపల పడుతుంది, పేలినప్పుడు ఆ మడత విప్పుకోవడానికి చోటు లేక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. నున్నని గొట్టంలో ఫోస్టర్ వాడేటప్పుడు సిలిండర్ (ఇరుకు లేనిది) లేదా ఇంప్రూవ్డ్ సిలిండర్ (కొద్దిపాటి ఇరుకు) చోక్ చాలు, బాగా ఇరుకైన ఫుల్ చోక్ వద్దు. గాడులున్న గొట్టంలో ఫోస్టర్ కాలిస్తే సీసం గాడుల్లో పేరుకుని గురి చెడుతుంది.

ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తరువాతి సవరణలతో వన్యప్రాణుల వేట దాదాపు ఆగిపోయింది. మనలో ఎక్కువమందికి ఇంట్లో తండ్రో తాతో ఈ విషయాలు చెప్పే అవకాశమే లేదు. ఇక్కడి పిల్లలు పన్నెండేళ్లకే నేర్చుకునేది మనం నలభై ఏళ్లకు దుకాణంలో కుర్రవాడి మాట మీద నేర్చుకుంటున్నాం. అడగడానికి మొహమాటపడకండి.

స్లగ్గులే వాడాలన్న పట్టింపు లేనివారికి ఇంకో దారి ఉంది. ఒహాయోలో 2014 నుంచి స్ట్రెయిట్ వాల్ తూటాల (మూతి దగ్గర మెడలా సన్నబడని గుల్ల ఉన్నవాటి) రైఫిళ్లతోనూ జింకలను వేటాడవచ్చు. నేను మాత్రం ఆ నున్నని గొట్టంతోనే, ఫోస్టర్ స్లగ్గులతో, యాభై గజాలు దాటి కాల్చనని నిర్ణయించుకున్నాను. కొలంబస్ చుట్టుపక్కల ఎవరికైనా కొత్త బ్యారెల్ మీద అనుమానం ఉంటే సీజన్‌కు ముందు శనివారాల్లో రేంజ్‌కు తీసుకురండి. గొట్టంలోకి చూసే చిన్న లైటు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది, కలిసి చూద్దాం.