హైడ్రోఫోబిక్ లెన్సా, హైడ్రోఫిలిక్ లెన్సా: ఏది మేలు?

శుక్లం ఆపరేషన్ అనగానే అందరూ లెన్స్ పవర్ గురించే అడుగుతారు. ఆ పవర్ పనికి రావాలంటే లెన్స్ పెట్టిన చోటే కదలకుండా ఉండాలి. 20 డయాప్టర్ల (డయాప్టరు అంటే లెన్స్ పవర్ కొలత) లెన్స్ 1 మిల్లీమీటరు ముందుకు జరిగినా చూపులో దాదాపు 1 డయాప్టరు తేడా వస్తుంది.

1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ పెట్టిన తొలి లెన్స్ పీఎంఎంఏ ప్లాస్టిక్. బాగా బిరుసు, మడత పడదు. ఇప్పుడు పోటీ ప్రధానంగా మడతపడే రెండు యాక్రిలిక్ (మెత్తటి ప్లాస్టిక్) రకాల మధ్యే: నీటిని పీల్చుకునే హైడ్రోఫిలిక్, నీటిని దరిచేరనివ్వని హైడ్రోఫోబిక్.

హైడ్రోఫిలిక్‌లో సుమారు 18 నుంచి 26 శాతం నీరే. మెత్తగా ఉంటుంది కాబట్టి సన్నటి కోతలోంచి సులువుగా దూరుతుంది, లోపల త్వరగా విచ్చుకుంటుంది. హైడ్రోఫోబిక్‌కు కాస్త బద్ధకం. థియేటర్ చల్లగా ఉంటే బిర్రబిగుస్తుంది, ఒంటి వేడి తగిలాకే మెల్లగా తెరుచుకుంటుంది. ఒక్కోసారి దాని హ్యాప్టిక్, అంటే లెన్స్‌ను పట్టి ఉంచే చెయ్యి, లెన్స్‌కే అతుక్కుపోతే డాక్టర్ కొక్కెంతో విడదీయాలి.

అసలు పరీక్ష ఆ తర్వాతే. చాలా లెన్స్‌లు ఈ చివరి నుంచి ఆ చివరికి 13 మి.మీ. ఉంటాయి, వాటిని పెట్టే సంచి, అంటే కంటి సహజ లెన్స్‌ను తీసేశాక మిగిలే పలుచటి పొర, సుమారు 10 మి.మీ. హ్యాప్టిక్స్ లోపలికి వంగి సంచిని బయటికి నెడుతుంటాయి. కొన్ని వారాల్లో సంచి కూడా ముడుచుకుంటుంది. హ్యాప్టిక్ మరీ మెత్తనైతే సంచిదే పైచేయి, లెన్స్ ఒరిగిపోవచ్చు. మరీ బిరుసైతే సంచి సాగి ముడతలు పడుతుంది.

సిలిండర్ పవర్ (కంటి వంపు తేడాను సరిచేసే పవర్) ఉన్న టోరిక్ లెన్స్‌లో ఇది ఇంకా కీలకం. ఒక్క డిగ్రీ తిరిగితే సిలిండర్ సవరణలో 3 శాతానికి పైగా పోతుంది. 30 డిగ్రీలు తిరిగితే మొత్తం పోయినట్టే. హైడ్రోఫోబిక్‌కు ఉన్న జిగురు గుణం ఇక్కడ వరం, సంచిని గట్టిగా పట్టుకుంటుంది. నా ఓటు దానికే. అలాగని మెటీరియల్ ఒక్కటే చూస్తే పొరపాటు. నాలుగు వైపులా ఆనే హైడ్రోఫిలిక్ డిజైన్లు కూడా బాగానే నిలబడతాయి.

హైడ్రోఫోబిక్‌లో కొన్నేళ్లకు సన్నటి నీటి మెరుపులు కనిపించవచ్చు, చాలామందికి చూపులో తేడా తెలియదు. హైడ్రోఫిలిక్‌కు మాత్రం కాల్షియం పేరుకునే భయం ఉంది. కార్నియా (నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర) లోపలి పొర మార్చేటప్పుడు కంట్లోకి గాలి లేదా గ్యాస్ ఎక్కిస్తారు. ఆ తర్వాత కాల్షియం పేరుకుని ఈ లెన్స్ మసకబారితే తుడవడానికి ఉండదు, తీసి వేరేది పెట్టాల్సిందే. ముందుముందు అలాంటి ఆపరేషన్ అవసరం పడేలా ఉంటే లెన్స్ ఎంచుకునే రోజే డాక్టర్‌ను అడగండి.