మనోవర్తి వసూలు: ఆరేళ్ల వాడకం తర్వాత

కోర్టు పిల్లలకు నెలకు ఎంత వేస్తుందన్నదే అందరి బెంగ. నా కడుపుమంట మాత్రం వసూలు దగ్గర, అందులోనూ ఆ ఏడాది గడువు దగ్గర. 2024 జులై 1 నుంచి మనోవర్తి సెక్షన్, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125 కాస్తా, కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది కానీ ఈ మెలిక అలాగే ఉంది. ఏ నెల డబ్బు ఏ తేదీకి రావాలో, ఆ తేదీ నుంచి ఏడాదిలోపు బకాయి పిటిషను పడకపోతే ఆ నెల బాకీ వసూలుకు కోర్టు వారెంటు ఇవ్వదు. "వచ్చే నెల కలిపి ఇస్తాడులే" అని ఊరుకుంటే పాత నెలలు ఒక్కొక్కటిగా రాలిపోతుంటాయి.

అవతలివాళ్లకు ఈ లెక్క మనకంటే బాగా తెలుసు. పది నెలలు ఎగ్గొట్టి, పిటిషను వేస్తున్నారని పసిగట్టగానే రెండు నెలల సొమ్ము ఖాతాలో వేస్తారు. ఏ నెలదో రాయరు. తర్వాత అది మొన్నటి నెలలదే అంటారు. అందుకే డబ్బు పడిన రోజే పాత బాకీకి జమ కట్టుకున్నామని రాతపూర్వకంగా తెలపాలి. పిటిషనుకు నెల, రావలసింది, వచ్చింది, మిగిలింది అని పట్టిక జతచేయాలి. నోటిమాట లెక్క ఏ వాయిదాలోనూ నిలవదు.

ఊరట ఒకటుంది, నాకు ఆలస్యంగా తెలిసింది. పిటిషను గడువులో పడి నడుస్తుంటే, ఆ మధ్యలో పేరుకున్న నెలలకు మళ్లీ కొత్తది వేయనక్కర్లేదు, అందులోనే అడగవచ్చని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. ఏటా కొత్త పిటిషను రాయించినవాళ్లకు ఇది వింటే ఒళ్లు మండుతుంది.

వారెంటు "ఇంట్లో లేరు" అని తిరిగిరావడం మామూలే. ఇంటి చిరునామాతో పాటు ఆఫీసుది, బండి నంబరు, బ్యాంకు శాఖ ఇవ్వాలి. వారెంటు తర్వాత కూడా కట్టకపోతే ఒక్కో నెల బాకీకి నెల వరకు జైలు. జైలుకెళ్లినంత మాత్రాన బాకీ తీరదని సుప్రీంకోర్టు 1989 తీర్పు ఉంది.

గృహహింస చట్టం సెక్షన్ 20(6)ను ఇదివరకు తెగ మెచ్చుకున్నాను. ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం కట్టకపోతే, జీతంలో కొంత నేరుగా మనకే ఇమ్మని యజమానిని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఇప్పటికీ మంచిదే, మనిషి ఆ కంపెనీలో ఉన్నంతకాలం. ఉద్యోగం మారితే కొత్త యజమాని పేరుతో మళ్లీ ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఈలోపు నెలలు గడుస్తాయి, ఏడాది గడియారం తిరుగుతూనే ఉంటుంది.

నెలకు ఎంత అన్న నిర్ణయం విషయానికొస్తే, సుప్రీంకోర్టు 2020 నవంబరు తీర్పు తర్వాత ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పుల అఫిడవిట్ వేయాలి, దరఖాస్తు తేదీ నుంచే మనోవర్తి. జీతగాడి విషయంలో ఇది బాగా పనిచేస్తుంది. నగదు వ్యాపారమైతే కాగితం మీద అందరూ బీదవాళ్లే.

మాకు కోర్టు బస్సుకు అరగంట దూరం, అవతల నెలజీతం. అందుకే మూడు నెలల బాకీ దాటనివ్వకుండా పిటిషను వేయగలిగాం. వేరే జిల్లా నుంచి వాయిదాలకు రావలసినవాళ్లకు ఇది ఇంతే ఉపయోగపడుతుందని చెప్పలేను.