పాలపళ్ల పుచ్చుకు గ్లాస్ అయనోమర్ సిమెంట్: ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ నిలవదు

పాలపళ్లలో చిన్న పుచ్చులు నింపడానికి నేను మొదట ఎంచుకోమనేది గ్లాస్ అయనోమర్ సిమెంట్‌నే. 1970ల తొలినాళ్లలో వెలుగులోకి వచ్చిన ఈ పదార్థం పంటిలోని కాల్షియంతో రసాయనికంగా బంధం ఏర్పరచుకుంటుంది కనుక, పట్టు కోసం బాగున్న భాగాన్ని అదనంగా చెక్కవలసిన పని ఉండదు. పాలపంటి ఎనామెల్ (పంటి పైనుండే గట్టి పొర) శాశ్వత దంతం ఎనామెల్ కంటే పలుచన, నరముండే గుజ్జు కూడా పైకి దగ్గరగా ఉంటుంది. అలాంటి పంటిని ఎంత తక్కువ చెక్కితే అంత మేలు. పుచ్చును అడ్డుకోవడంలో తోడ్పడే ఫ్లోరైడ్‌ను ఇది కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది, అయితే ఆ ధైర్యంతో పళ్లు తోమించడం మానకూడదు.

కుర్చీలో కుదురుగా ఉండలేని పిల్లల విషయంలో దీని విలువ బాగా తెలుస్తుంది. పంటి రంగులో కలిసిపోయే కాంపోజిట్‌ను వేయాలంటే ఆమ్లపు జెల్‌తో పంటిని గరుకు చేసి, కడిగి ఆరబెట్టి, బాండింగ్ ద్రవం పూసి, మామూలు రకమైతే సుమారు 2 మిల్లీమీటర్ల పొరలుగా వేస్తూ ప్రతి పొరనూ నీలి కాంతితో గట్టిపరచాలి. ఈ మధ్యలో లాలాజలం తగిలితే అంచుల వెంట సందు ఏర్పడి, ఫిల్లింగ్ కింద మళ్లీ పుచ్చు మొదలవుతుంది. నోరు తెరిచి ఓపికగా ఉండగల పిల్లలకు, పంటికి లాలాజలం తగలకుండా చుట్టూ రబ్బరు డ్యామ్ అనే పలుచని రబ్బరు తెర కట్టి చేసే వైద్యుల చేతిలో, కాంపోజిట్ చక్కటి పదార్థమే. ఏడుస్తున్న మూడేళ్ల బిడ్డకు కేవలం రంగు చూసి దాన్ని కోరడం మాత్రం నాకు సమ్మతం కాదు.

సిమెంట్‌కున్న పెద్ద లోపం పెళుసుతనం. రెండు దవడపళ్ల మధ్య పుట్టిన పుచ్చులో వేసినప్పుడు నమలే ఒత్తిడికి అది అరిగిపోవచ్చు, విరిగిపోవచ్చు. రెజిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) కలిపిన సిమెంట్ రకం కొంత మెరుగు. పుచ్చు పంటి పలు వైపులకు పాకితే ఫిల్లింగ్ కంటే స్టీలు క్యాప్ ఎక్కువ కాలం నిలుస్తుంది. హాల్ పద్ధతిలో, తగిన పళ్లకు, చెక్కకుండానే, మత్తు ఇంజెక్షన్ లేకుండానే దాన్ని తొడగవచ్చు. దాని లోహపు రంగు తల్లిదండ్రులను వెనక్కి లాగుతుందని తెలుసు, కానీ నొప్పి లేకుండా అన్నం నమలగలగడం అంతకంటే ముఖ్యం.

వెండి ఫిల్లింగ్ అనే అమాల్గంలో దాదాపు సగం పాదరసమే. యూరోపియన్ యూనియన్ 2018లోనే పదిహేనేళ్లలోపు పిల్లలకు దాన్ని, వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప, నిషేధించింది.

పదార్థం ఎంచుకునే ముందు ఆ పన్ను ఇంకా ఎన్నాళ్లు ఉండాలో వైద్యులను అడగండి. వెనుక దవడ పాలపన్ను సాధారణంగా 10 నుంచి 12 ఏళ్ల మధ్య ఊడుతుంది. నాలుగేళ్ల పిల్లకు అది ఇంకా ఎన్నో ఏళ్లు పనిచేయాలి, పదేళ్ల పిల్లవాడికి సిమెంటే సరిపోవచ్చు. పుచ్చు గుజ్జుదాకా వెళ్లిందేమో ఎక్స్‌రేలో చూపించమని కూడా అడగండి, ఎందుకంటే అక్కడికి చేరితే ముందు గుజ్జుకు చికిత్స జరగాలి, ఫిల్లింగ్ మాట ఆ తర్వాతే.