రెండు కడ్డీల డోమ్ టెంట్: గ్రహణం ప్రయాణానికి ఎంతవరకు పనికొస్తుంది?

2031 మే 21న వచ్చే వలయాకార సూర్యగ్రహణం దారి మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల మీదుగా పోదు. కొచ్చి, థేని, మదురై, కారైకుడి వైపుగా సాగుతుంది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ కనిపించేది పాక్షికమే. సూర్యుడు ఉంగరంలా మారడం చూడాలంటే నెల్లూరు నుంచి చెన్నై మీదుగా మదురైకి దాదాపు 630 కిలోమీటర్లు కారులో వెళ్లాలి. లాడ్జి గదుల మీదే ఆశ పెట్టుకోకుండా టెంట్ వేసుకుందామనుకునే వాళ్లకోసం ఈ సమీక్ష.

తీసుకున్నది ముగ్గురు పట్టే డోమ్ టెంట్. అడ్డంగా దాటే రెండు ఫైబర్‌గ్లాస్ కడ్డీలు, లోపల గాలాడే గుడ్డ, పైన వాన ఆపే పొర. ఏ కంపెనీదైనా ఈ రకం అమరిక ఇంచుమించు ఇదే. ముగ్గురని సంచి మీద రాసినా ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్ల, రెండు బ్యాగులు పడితే అంతటితో సరి. రాత్రి పడకకు ఇది నికార్సయిన సరుకు. పగటి గ్రహణానికి మాత్రం ఇదొక్కటే చాలదు.

నిలబెట్టడానికి ఇద్దరుంటే పది నిమిషాలు చాలు. కడ్డీని గుడ్డ గొట్టంలోకి ఎప్పుడూ నెట్టాలి, అవతలి నుంచి లాగకూడదు. లాగితే లోపలి ఎలాస్టిక్ సాగి ముక్కలు విడిపోతాయి, విడిపోయిన చోటే ఫైబర్ చీలుతుంది. చీలిన కడ్డీని ఒట్టి చేత్తో పట్టుకుంటే సన్నటి పీచు చర్మంలో దిగుతుంది. కడ్డీ దూరేంత లావు అల్యూమినియం గొట్టం జానెడు ముక్క, కాస్త టేపు సంచిలో ఉంటే విరిగిన చోట తొడిగి రాత్రి గడిపేయొచ్చు.

అసలు లోపం మేకుల్లో ఉంది. టెంట్‌తో వచ్చే సన్నటి వంపు మేకులు మైపాడు, కొత్తపట్నం ఇసుకలో సముద్రపు గాలి కాస్త విసిరితే చాలు, ఊడి చేతికొస్తాయి. ఇసుకకు మేకు కాదు, సంచి కావాలి. ఖాళీ యూరియా సంచిని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఇసుక మూటగట్టి, తాడు మూటకు బిగించి అడుగున్నర లోతున పూడ్చండి. తాడు నేలకు 45 డిగ్రీల వాలులో ఉండాలి. పైన కాలితో తొక్కి నీళ్లు చల్లితే రాత్రంతా కదలదు. మూలలకు నాలుగు, గాలి వచ్చే వైపు ఇంకో రెండు.

ఉదయగిరి చుట్టుపక్కల రాతి నేలలో ఇదే మేకు ఇంకో కథ చెబుతుంది: దిగదు, వంగిపోతుంది. మదురై వైపు కూడా మే నెలలో నేల బాగా గట్టిబడి ఉంటుంది కాబట్టి ఇంటి దగ్గరే సిద్ధం కావాలి. వెల్డింగ్ షాపులో 8 ఎం.ఎం. ఇనుప కడ్డీని పది అంగుళాల చొప్పున కోయించి, ఒక కొస పదును పెట్టించి, ఇంకో కొస కొక్కెంలా వంచించండి. ఎనిమిది చాలు. కొట్టే చోట ముందు చెంబుడు నీళ్లు పోసి పది నిమిషాలు నాననివ్వాలి. పెద్ద టెంట్ కొనే డబ్బు ఇలాంటి వాటి మీద పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

టెంట్ కింద పరిచే పట్టా టెంట్ అంచు కంటే నాలుగు వేళ్లు లోపలికే ఉండాలి. బయటికొస్తే వాన నీరు దాని మీదుగా మీ పడక కిందికే చేరుతుంది. పై పొర లోపలి గుడ్డకు తగలకుండా బిగించి, గాలి కిటికీలు రాత్రంతా తెరిచే ఉంచండి. కోస్తా ఉక్కలో అన్నీ మూసేస్తే తెల్లారేసరికి పైనుంచి చుక్కలు రాలతాయి. అది కారడం కాదు, మన ఊపిరిలోని తేమే. స్టవ్ మాత్రం టెంట్‌లో ఎన్నడూ వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. సరుగుడు తోటలో దిగితే యజమానిని అడిగి దిగండి, ఎండిన ఆకు ఊడ్చి చాలా ఎడంగా పొయ్యి పెట్టండి. టెంట్ పొర నిప్పురవ్వకే అంటుకుంటుంది.

ఇక పగలు. గ్రహణం రోహిణి కార్తెకు ముందు, కృత్తిక కార్తె ఎండల్లో వస్తోంది. పొద్దున ఏడు దాటితే ఈ టెంట్‌లో కూర్చోలేం. మదురైలో ఉంగరం కనిపించేది మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో, సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉన్నప్పుడు. కావలసింది నాలుగు వైపులా తెరిచిన నీడ. 10×12 అడుగుల బరకం, నాలుగు వెదురు కర్రలు, తాళ్లు. మనిషికి రోజుకు ఐదు లీటర్ల నీళ్లు. తలెత్తి నిలబడితే మెడ పట్టేస్తుంది, మడత మంచం మీద పడుకుని చూడటమే సుఖం.

ఈ బరకం ఇంకో పని కూడా చేస్తుంది. పాతదైతే మధ్యలో 2 మి.మీ. రంధ్రం ఒకటి పొడవండి. రెండు మీటర్ల కింద పరిచిన తెల్ల దుప్పటి మీద సూర్యబింబం రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ వెడల్పున పడుతుంది. దూరాన్ని 107తో భాగిస్తే బింబం కొలత వస్తుంది. గ్రహణం నిండినప్పుడు అక్కడ చక్కటి ఉంగరం. బూందీ గరిటె పట్టుకుంటే పదుల కొద్దీ ఉంగరాలు, పిల్లలందరూ ఒకేసారి చూడొచ్చు. నేరుగా చూసేవాళ్లకు సూర్యుణ్ణి చూడటానికే చేసిన, ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న కళ్లద్దాలే. ఇది సూర్యుడు పూర్తిగా మూసుకుపోని వలయాకార గ్రహణం కాబట్టి అద్దాలు ఒక్క క్షణం కూడా తీయకూడదు. ఎక్స్‌రే ఫిల్ము, మామూలు చలువ కళ్లద్దాలు పనికిరావు.

ఇంటికి రాగానే జిప్పులను మంచినీళ్లతో కడిగి, టెంట్‌ను నీడలో పూర్తిగా ఆరబెట్టి, జిప్పు పళ్ల మీద కొవ్వొత్తి రుద్ది పెట్టండి. తడిగా మడిచిన టెంట్‌లో లోపలి పూత జిగురై వాసనొస్తుంది, ఆ తర్వాత వాన ఆపదు.